క్రిస్మస్ చదువుల పెట్టె: నక్షత్రానికి నూటికి నూరు, మిగతావాటికి అత్తెసరు మార్కులు

పిల్లలను బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదువు చెప్పుకునే కుటుంబాల కోసమని డిసెంబరు నెలకు ప్రత్యేకంగా తయారు చేసిన చదువుల పెట్టెలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఇంటి అలంకరణ, పండుగ కథ, లెక్కలు, సైన్సు అన్నీ ఒకే పెట్టెలో ఇమిడ్చామని, రోజుకు ఒక్క గంట కేటాయిస్తే నెల చివరికి ఇల్లు ముస్తాబవుతుందనీ పాఠాలూ పూర్తవుతాయనీ వాటి ప్రకటనలు చెబుతాయి. అలాంటి పెట్టె ఒకటి తెప్పించి, సికింద్రాబాద్‌లోని మా ఇంట్లో ఏడేళ్ల అబ్బాయి, పదకొండేళ్ల అమ్మాయి, మా అత్తయ్యగారు, మావారు, నేను కలిసి డిసెంబరంతా వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. ఇందులో మెచ్చుకోవలసిన వస్తువు ఒకటుంది, గట్టిగా ఆక్షేపించవలసిన వస్తువు కూడా ఒకటుంది. ఒక్క సంస్థను వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు కనుక కంపెనీ పేరు రాయడం లేదు. ఏ పెట్టె కొనేవారికైనా ఇందులోని విషయాలు పనికివస్తాయి.

పెట్టె ధర రవాణా ఖర్చుతో కలిపి రూ. 2,500కు కాస్త అటూ ఇటూగా పడింది. లోపల కాగితపు నక్షత్రం తయారీకి కత్తిరించి ఉంచిన అట్టలు, చిన్న విద్యుద్దీపాల సెట్టు, రంగులు వేసుకోవడానికి చెక్క బొమ్మల పశువుల పాక, రోజుకొకటి చొప్పున తెరిచే 24 కిటికీల క్యాలెండరు, వంట కార్డులు, తల్లిదండ్రుల కోసం ఒక మార్గదర్శక పుస్తకం ఉన్నాయి. పుస్తకం పూర్తిగా ఇంగ్లీషులోనే ఉండటం వల్ల ఇంట్లో పండుగ పనులన్నిటికీ పెద్ద దిక్కైన అత్తయ్యగారికి అందులో చోటే లేకుండా పోయింది. కుటుంబమంతా కలిసి చేసుకునే పని అని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించినవారు తెలుగు ఇళ్లలో కుటుంబమంటే ఎవరెవరో ఒక్కసారి ఆలోచించి ఉండవలసింది.

ముందుగా నక్షత్రం సంగతి చెబుతాను, ఎందుకంటే పెట్టెకు పెట్టిన డబ్బులో సగం గిట్టుబాటైంది దీనితోనే. మన ఊళ్లో క్రిస్మస్‌కు ఇంటి ముందు వేలాడదీసే నక్షత్రం సాధారణంగా అయిదు కోణాలది. జనరల్ బజారులోనో మోండా మార్కెట్ దగ్గరో మడిచిన కాగితపు నక్షత్రం కొని, విప్పి, లోపల బల్బు పెట్టి వరండాలో కట్టేస్తే పని అయిపోతుంది. ఈ పెట్టెలోది అలాంటిది కాదు. అన్ని దిక్కులకూ ముళ్లు పొడుచుకు వచ్చినట్టుండే మొరేవియన్ నక్షత్రం ఇది. జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్లు అనే ప్రొటెస్టెంటు శాఖ క్రైస్తవులు నడిపిన మగపిల్లల బడిలో 1830లలో జ్యామితి పాఠం చెప్పడానికే ఈ నక్షత్రాన్ని చేయించారు. తరువాత ఆ దేశంలోనే హెర్న్‌హుట్ అనే ఊళ్లో 1897 నుంచి దీని తయారీ పెద్ద ఎత్తున సాగింది. అంటే పుట్టుకతోనే ఇది అలంకరణ వస్తువూ, లెక్కల పాఠమూ. ఇంటి చదువుకు ఇంతకన్నా తగిన వస్తువు దొరకదు. ఇంత మంచి కథను మార్గదర్శక పుస్తకం ఎందుకు వదిలేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పుస్తకంలో నక్షత్రానికి కేటాయించినది అతికించే పద్ధతి చూపే బొమ్మల పేజీ మాత్రమే.

అట్టల నాణ్యత నిజంగా మెచ్చుకోదగినది. మడిస్తే విరగనంత పలుచగా, నిలబెడితే వాలనంత గట్టిగా ఉంది. లోపల దీపం వెలిగిస్తే వెలుగు అంచుల సందుల్లోంచి మాత్రమే కాకుండా కాగితమంతటా లేత పసుపు రంగులో పరుచుకుంటుంది. మడత గీతలు ముందే నొక్కి ఉన్నాయి కానీ ఆ నొక్కు సరిపోదు. సిరా అయిపోయిన బాల్‌పెన్ను మొనతో, స్కేలు ఆనించి, ప్రతి గీతను మరొకసారి గీస్తే కోణాలు కత్తిలా వస్తాయి. ఫెవికాల్ పల్చగా రాసి, అది ఆరేదాకా బట్టల క్లిప్పులు పెట్టి ఉంచాలి. క్లిప్పుల పని మా అబ్బాయి చేపట్టాడు. మా తీగ మీద ఆరవేసిన బట్టలు ఆ వారమంతా గాలికి ఎగిరిపడటానికి కారణం అదే.

సగం పని అయ్యేసరికి అమ్మాయికి అనుమానం వచ్చింది. “అమ్మా, పుస్తకంలో 26 కోణాలని రాశారు, ఇక్కడ 25కే అట్టలున్నాయి. ఒకటి పెట్టడం మరిచిపోయారా?” అని అడిగింది. మరిచిపోలేదు. ఈ నక్షత్రానికి ఆధారమైన ఘనాకృతికి 18 చతురస్రాలు, 8 సమబాహు త్రిభుజాలు కలిపి 26 ముఖాలు ఉంటాయి. 17 చతురస్రాల మీద, 8 త్రిభుజాల మీద పిరమిడ్లు నిలుస్తాయి. మిగిలిన ఒక్క చతురస్రాన్ని తీగ వేలాడదీయడానికీ బల్బు దించడానికీ ఖాళీగా వదులుతారు. ఈ జవాబుతో ఆ రోజు లెక్కల పాఠం తనంతట తానే సాగిపోయింది. చతురస్రాలకు నాలుగేసి అంచుల చొప్పున 72, త్రిభుజాలకు మూడేసి చొప్పున 24, మొత్తం 96. ప్రతి అంచునూ రెండు ముఖాలు పంచుకుంటాయి కనుక అసలు అంచులు 48. శీర్షాలు వేలితో తడిమి లెక్కపెడితే 24 వచ్చాయి. శీర్షాల నుంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే 24 - 48 + 26, అంటే 2. ఇదే లెక్క అగ్గిపెట్టెకు చేసినా 2, పిరమిడ్‌కు చేసినా 2 వస్తుందని ఆయిలర్ సూత్రం చెబుతుంది. అమ్మాయి నమ్మకం కుదరక వంటింట్లోని టీ పొడి డబ్బా దాకా వెళ్లి సరిచూసుకుంది. వర్క్‌షీటు ముందు కూర్చోబెట్టి ఉంటే ఈ ఉత్సాహంలో పదో వంతు కూడా కనిపించేది కాదని నా గట్టి నమ్మకం.

ఈ నక్షత్రం కొనేవారికి రెండు సూచనలు ఉన్నాయి. డిసెంబరులో మన నగరంలో రాత్రిపూట మంచు పడుతుంది కనుక ఆరుబయట కట్టిన కాగితపు నక్షత్రం తెల్లవారేసరికి మెత్తబడుతుంది. పైకప్పున్న బాల్కనీలో గానీ గుమ్మం లోపలి వైపు గానీ కట్టుకోవడం మేలు. రెండోది, లోపల తప్పనిసరిగా తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బునే పెట్టాలి. పాతకాలపు జీరో బల్బు పేరుకే సున్నా. అది వేడెక్కుతుంది, కాగితానికి తగులుతూ గంటల తరబడి వెలిగితే ప్రమాదం.

ఇక దీపాల సెట్టు. పెట్టెలో నాకు కోపం తెప్పించిన వస్తువు ఇదే. రాగి టేపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు, రెండు బటన్ సెల్లులు ఇచ్చి, అట్ట మీద క్రిస్మస్ చెట్టు బొమ్మ గీసి దీపాలు వెలిగించమన్నారు. ఆలోచన మంచిదే. కానీ పుస్తకంలోని పటం ప్రకారం మూడు రంగుల ఎల్ఈడీలను ఒకే 3 వోల్టుల సెల్లుకు సమాంతరంగా కలిపితే ఎర్రది దేదీప్యమానంగా వెలుగుతుంది, నీలంది చచ్చినా వెలగదు. ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టులకే వెలుగుతుంది, నీలానికి సుమారు 3 వోల్టులు కావాలి. మూడూ ఒకే జత తీగల మీద ఉన్నప్పుడు ఎర్రది కరెంటును తనవైపు లాగేసుకుని వోల్టేజిని కిందికి దించేస్తుంది కనుక నీలానికి చాలినంత మిగలదు. పటం గీసినవారు ఒక్కసారైనా తాము అతికించి చూసి ఉంటే ఈ లోపం బయటపడేది. మావారు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి మూడు పెన్సిల్ సెల్లులు పట్టే డబ్బా ఒకటి, కరెంటును అదుపు చేసే 220 ఓమ్‌ల రెసిస్టర్లు కొన్ని కొనుక్కొచ్చారు. ప్రతి ఎల్ఈడీకీ విడిగా ఒక రెసిస్టర్ కలిపి, 4.5 వోల్టులు ఇచ్చేసరికి మూడు రంగులూ వెలిగాయి. దానికైన ఖర్చు ఒక ప్లేటు మిర్చిబజ్జీలకయ్యేంత కూడా లేదు.

అయితే వెలగని దీపం కన్నా పెద్ద లోపం బటన్ సెల్లులను ప్లాస్టిక్ సంచిలో విడిగా పడేసి పంపడం. చిన్న పిల్లలు వీటిని మింగితే అవి అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటలలోపే లోపలి కణజాలాన్ని తీవ్రంగా కాల్చివేయగలవు. మింగారన్న అనుమానం కలిగిన క్షణంలోనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన పరిస్థితి అది. ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల వారికని పెట్టె మీద రాసినంత మాత్రాన సరిపోదు. పండుగ రోజుల్లో ఇంటికి చుట్టాలు వస్తారు, వాళ్ల వెంట చంటిపిల్లలు ఉంటారు. స్క్రూతో బిగించే మూత ఉన్న డబ్బాలో పెట్టి పంపడానికి కంపెనీకి ఎంత అదనపు ఖర్చవుతుంది? పుస్తకంలో దీని గురించి హెచ్చరిక ఉంది కానీ అది చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. పెట్టె కొన్నవారు ఈ సెల్లులను మొదటి రోజే తీసి అందకుండా దాచాలని నా గట్టి సలహా.

పశువుల పాక బొమ్మలు చూడముచ్చటగా ఉన్నాయి, రంగులు చక్కగా పడతాయి. పుస్తకమేమో పాక పైకప్పు మీద దూదితో మంచు పరచమని, పక్కన పైన్ చెట్లు నిలబెట్టమని చెబుతుంది. అత్తయ్యగారు దాన్ని ఒకసారి చూసి, “గొర్రెలు మేసేదేంటమ్మా, దూదా?” అన్నారు. పాకకు వరిగడ్డి కప్పించి, ఖాకీ కాగితాన్ని నలిపి కొండలు చేయించారు. పండుగకు పది రోజుల ముందు పళ్లెంలో తడి గుడ్డ పరిచి ఆవాలు, రాగులు చల్లించారు. పండుగ నాటికి బొమ్మల కాళ్ల కింద నిజమైన పచ్చిక మొలిచింది. ఏ గింజ ముందు మొలకెత్తింది, వెలుతురు వైపు ఉన్న మొలకలు ఎటు వంగాయి, గుడ్డ ఆరిపోయిన మూలలో ఏమైంది అన్నవన్నీ అబ్బాయి రోజూ స్కేలుతో కొలిచి నోట్‌బుక్కులో రాశాడు. పెట్టెలో ఇచ్చిన ‘విత్తనాలు మొలకెత్తుట’ వర్క్‌షీటు మాత్రం తెల్లగానే ఉండిపోయింది.

పాక చరిత్రను పుస్తకం రెండు వాక్యాల్లో తేల్చేసింది. అస్సీసికి చెందిన ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో నిజమైన ఎద్దును, గాడిదను తెచ్చి నిలబెట్టి, చదువు రాని జనానికి క్రీస్తు జననాన్ని కళ్లకు కట్టించిన సందర్భం నుంచి ఈ సంప్రదాయం వ్యాపించింది. ఈ సంగతి పిల్లలకు చెప్పిన తరువాత, మత్తయి, లూకా సువార్తలు రెండూ తీసి, పెట్టెలోని బొమ్మల్లో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకమన్నాను. పశువుల తొట్టె, గొర్రెల కాపరులు లూకాలో దొరికారు. తూర్పు దేశపు జ్ఞానులు మత్తయిలో దొరికారు కానీ వాళ్లు ఎందరో అక్కడ రాయలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అనే మూడు కానుకలను బట్టి ముగ్గురనుకోవడం తరువాత వచ్చిన ఆనవాయితీ. పైగా వాళ్లు వచ్చింది పాకకు కాదు, ఇంటిలోనికి. ఎద్దు, గాడిద రెండు కథనాల్లోనూ లేవు. పుస్తకంలో మాత్రం ‘ముగ్గురు రాజులు పశువుల పాకకు వచ్చారు’ అని నిస్సందేహంగా ముద్రించారు. మా అమ్మాయి పెన్సిలుతో ఆ వాక్యం పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అయినా బొమ్మలు తీసెయ్యడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు; జ్ఞానుల ఒంటెలను పాకకు దూరంగా, పుస్తకాల అర మీద నిలబెట్టి, జ్ఞానుల రాకను గుర్తుచేసుకునే జనవరి 6 నాటి ఎపిఫనీ పండుగ దాకా రోజుకు కొంచెం దగ్గరికి జరుపుతూ వచ్చారు.

ప్రార్థనా మందిరాల గురించిన పాఠంలో యూరప్ చర్చిల ఫోటోలే ఉన్నాయి. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి విక్టోరియా రాణి ఇచ్చిన సొమ్ముతో 1847లో కట్టినది. రెండూ ఇక్కడి పిల్లలు ఒక్క పూటలో చూసి రాగలిగినవే. ఇక మెదక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కరువు రోజుల్లో కూలీలకు పని, తిండి కల్పించడానికి మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ మహాదేవాలయాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. సుమారు 175 అడుగుల గోపురం చూడటానికి మెడ నొప్పెట్టేలా తల ఎత్తవలసిందే. అక్కడ పిల్లలను కట్టిపడేసినవి రంగుటద్దాల కిటికీలు. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూపే ఆ కిటికీలు బయటి నుంచి నల్లగా, ఏమీ లేనట్టు కనిపిస్తాయి. లోపలికి వెళ్లి వెలుగుకు ఎదురుగా నిలబడితేనే బొమ్మ తెలుస్తుంది. ఇంటికి వచ్చాక నల్ల చార్టు మీద గీతలు గీసి, మధ్య భాగాలను కత్తిరించి, వెనుక నుంచి రంగుల జిలెటిన్ కాగితం అతికించి, తూర్పు కిటికీకి అంటించాం. పొద్దున్నే హాలు నేల మీద ఎరుపు, నీలం మచ్చలు పడేవి; అవి గంట గంటకూ జరగడాన్ని సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నారు. బేగంబజారులో కొన్న సామానుతో చేసిన ఈ కిటికీయే వచ్చినవారందరి కళ్లనూ మొదట ఆకర్షించింది, పెట్టెలోంచి వచ్చినదేదీ కాదు.

వంట కార్డులను త్వరగా దాటేస్తాను. అల్లం బిస్కెట్ల ఇల్లు కట్టమన్నారు. దానికి ఓవెన్ కావాలి, ఇక్కడ వెతికి పట్టుకోవలసిన దినుసులు కావాలి. మా ఇంట్లో ఎప్పటిలాగే గులాబీ పువ్వులు చేశాం. అచ్చును నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పావు వంతు మాత్రమే ముంచాలని, పూర్తిగా ముంచితే పిండి పై అంచును కూడా కప్పేసి పువ్వు ఊడి రాదని అత్తయ్యగారు చేసి చూపించారు. కార్డు రాసినవారికి ఇలాంటి నానమ్మ ఎవరైనా ఉండి ఉంటే బాగుండేది.

24 కిటికీల క్యాలెండరు మీద నాకు మౌలికమైన అభ్యంతరం ఉంది. ప్రతి కిటికీ వెనుకా ఒక పని చీటీ ఉంటుంది, అందులో చాలావరకు కూడికలు, ఖాళీలు పూరించడాలే. లెక్క పక్కన శాంతాక్లాజ్ బొమ్మ వేసినంత మాత్రాన అది పండుగ కాదు. డిసెంబరులో మన ఇళ్లలో పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ సభలుంటాయి, క్యారల్స్ బృందం రాత్రి ఏ వేళకు వస్తుందో తెలియదు, బంధువులు వస్తూ పోతూ ఉంటారు. ఒక రోజు తప్పితే మరుసటి రోజుకు రెండు కిటికీలు పేరుకుంటాయి, వారం తిరిగేసరికి క్యాలెండరు కాస్తా బాకీల పుస్తకమవుతుంది. బడి గంటల నుంచి పిల్లలను తప్పించాలని ఇంటి చదువును ఎంచుకున్నవారికి అట్ట మీద మళ్లీ అదే గంట కొట్టి వినిపించడం ఏం న్యాయం? నక్షత్రంలో పాఠం అలంకరణలోంచి పుట్టింది, క్యాలెండరులో అలంకరణను పాఠానికి పూతగా పూశారు. పెట్టెలోని మంచిచెడ్డలన్నిటికీ మూలం ఈ తేడాలోనే ఉందని నేననుకుంటాను.

పాఠాలన్నీ తరగతుల వారీ సిలబస్‌కు అనుగుణంగా ఉన్నాయన్నది పెట్టె మీది మరో గొప్ప. ఇంటి చదువు పిల్లలు చాలామంది ముందు ముందు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పరీక్షలు రాస్తారు. అక్కడ పదో తరగతి స్థాయికి నమోదు కావాలంటే 14 ఏళ్లు నిండాలి; అంతకన్నా చిన్నవారికి మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన ఏ, బీ, సీ స్థాయిలు ఉన్నాయి. ఏడేళ్ల పిల్లవాడు డిసెంబరులో ఏ తరగతి పాఠం పూర్తి చేశాడన్నది అక్కడ ఎవరూ అడగరు. కనుక ఆ ముద్ర చూసి అదనంగా డబ్బు పెట్టవలసిన పని లేదు.

ఇంట్లో నానమ్మో అమ్మమ్మో తాతయ్యో ఉండి, బజారుకు వెళ్లే ఓపిక ఉన్నవారికి ఈ పెట్టె అవసరం లేదు. చార్టులు, జిలెటిన్ కాగితం, గుప్పెడు ఆవాలు, వరిగడ్డి చాలు. ఉద్యోగాల ఒత్తిడి వల్ల సామాను సమకూర్చుకునే తీరిక లేనివారు, దీపాల సెట్టును పక్కన పెట్టి, క్యాలెండరును గోడకు తగిలించి వదిలేయగలిగితే, నక్షత్రం కోసం, చెక్క బొమ్మల కోసం కొనుక్కోవచ్చు. మాకు పార్శిల్ చెప్పిన తేదీకి రాలేదు కనుక నవంబరు మొదట్లోనే ఆర్డరు పెట్టుకోవడం మంచిది. నేను మాత్రం మళ్లీ మొత్తం పెట్టె కొనను. నక్షత్రపు అట్టలను విడిగా రూ. 500 లోపు అమ్మితే రెండు జతలు తీసుకుంటాను, ఒకటి మాకు, ఒకటి మా ఆడపడుచు పిల్లలకు. ఈ మాటను, బటన్ సెల్లుల ఫిర్యాదును కలిపి కంపెనీకి రాస్తే పరిశీలిస్తామని జవాబు వచ్చింది. అట్టలు విడిగా అమ్మకానికి ఇంకా పెట్టలేదు.